అయిదు ఔన్సులదా, కిలోదా? చెన్నైలో పెద్ద వెండి నాణేల సేకరణ మొదలుపెట్టేవాళ్ళకు

వేళచ్చేరి నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇన్నేళ్ళూ అక్షయ తృతీయకి నగల షాపులో లక్ష్మీదేవి బొమ్మ ఉన్న వెండి బిళ్ళలు కొంటూ వచ్చారు. ఈ మధ్య ఆఫీసులో ఒకాయన దగ్గర అరచేతి నిండా పట్టే అమెరికా వెండి నాణెం చూసి మనసు పారేసుకున్నారు. అలాంటివి వరసగా సేకరించాలని ఉంది. ఏ సైజుతో మొదలుపెట్టాలి, ఒకేసారి కిలో నాణెం కొంటే లాభమా, నకిలీని ఎలా పట్టుకోవాలి, చెన్నై తేమలో ఎలా దాచాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మొదలుపెట్టండి, మంచి సేకరణ అవుతుంది. మొదటి నాణెం అయిదు ఔన్సులది (155 గ్రాములకి కొంచెం పైన) తీసుకోండి. కిలో నాణెం జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఒకే సిరీస్ ఎంచుకుని దాన్నే పట్టుకోండి. వెండి ధర పెరుగుతుందన్న లెక్కతో మాత్రం ఈ నాణేలు కొనకండి. ఆ లెక్క వేరు, ఈ ఇష్టం వేరు. రెండూ కలిపితే డబ్బూ తృప్తీ రెండూ తగ్గుతాయి.

మా కుటుంబానిది షావుకారుపేటలో వెండి సామాన్ల వ్యాపారం. కౌంటర్ వెనక కూర్చుని వెండి కొన్నాను, అమ్మాను. నాణేల మీద ఇష్టం దానితో సంబంధం లేకుండా విడిగా పెరిగింది. కాబట్టి వెండి కొట్టువాడు మీ నాణేన్ని ఎలా చూస్తాడో, సేకరించేవాడు ఎలా చూస్తాడో రెండూ చెప్పగలను. ఈ రెండు చూపులకీ మధ్య ఉన్న దూరమే మీరు ముందుగా అర్థం చేసుకోవాల్సిన విషయం.

మీరు ఇప్పటిదాకా కొన్నవి బిళ్ళలు. నగల షాపులవి కావచ్చు, బంగారం, వెండి శుద్ధిచేసే ఎంఎంటీసీ-పాంప్ కంపెనీ వాళ్ళవి కావచ్చు, తిరుమల శ్రీవారి వెండి డాలర్ కావచ్చు. స్వచ్ఛతలో వీటికి వంక పెట్టక్కర్లేదు, కానీ ఇవి నాణేలు కావు. నాణెం అంటే ఒక దేశం చట్టం చేసి, తన టంకశాలలో ముద్రించి, చెల్లుబాటు అవుతుందని ప్రకటించింది. మామూలుగా దాని మీద ఒక ముఖ విలువ ఉంటుంది. ఆ విలువకీ లోహం ధరకీ సంబంధం ఉండదు. మీరు చూసిన అమెరికా నాణెం మీద 'క్వార్టర్ డాలర్' అని ఉంటుంది, అంటే 25 సెంట్లు. ఆస్ట్రేలియా కిలో కూకబుర్రా (ఆ పేరున్న పిట్ట బొమ్మ నాణెం) మీద 30 డాలర్లని ఉంటుంది. మెక్సికో లిబర్తాద్ నాణెం మీద అసలు ముఖ విలువే ఉండదు, అయినా అది ఆ దేశంలో చట్టబద్ధమైన నాణెమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. నియూ, కుక్ ఐలాండ్స్ లాంటి చిన్న ద్వీపాల పేర్లతో బోలెడన్ని పెద్ద వెండి నాణేలు వస్తున్నాయి. వాటిలో చాలావరకు ఆ దేశం పేరు వాడుకోవడానికి అనుమతి తీసుకుని ఎక్కడో ప్రైవేటు టంకశాలలో ముద్రించేవి. కొన్ని చాలా అందంగా ఉంటాయి, ఇష్టమైతే కొనుక్కోండి. కానీ మీరు అడిగింది జాతీయ టంకశాల నాణేల గురించి కాబట్టి, కొనేముందు 'ఏ దేశానిది' అనే కాక 'ఎక్కడ ముద్రించారు' అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకి అమ్మేవాడు నీళ్ళు నమిలితే వదిలేయండి.

మన దేశం సంగతేమిటని చాలామంది అడుగుతారు. మనకి ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాలలో నాలుగు టంకశాలలున్నాయి. అవి స్మారక నాణేలు ముద్రిస్తాయి. కానీ అమెరికా ఈగిల్ లాగా, కెనడా మేపుల్ లీఫ్ లాగా ఏటా వెండి ధరను బట్టి అమ్మే బులియన్ నాణెం మనకి లేదు. మన స్మారక నాణేల్లో వెండి పాలు కూడా కాలాన్ని బట్టి మారింది. 1969 గాంధీ పది రూపాయల నాణెం 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవ పది రూపాయల నాణెం వచ్చేసరికి అది 50 శాతానికి దిగింది.

మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన ఉదాహరణ ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు. హైదరాబాద్ టంకశాలలో ముద్రించారు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. అందులో వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. అంటే నాణెంలో ఉన్న వెండి 17.5 గ్రాములే. అప్పట్లో వెండి గ్రాము 75 రూపాయలకి అటూ ఇటూగా ఉండేది కాబట్టి లోహం విలువ దాదాపు పదమూడు వందలు. పెట్టెతో కలిపి అమ్మిన ధర నాలుగు వేల పైమాటే. దాన్ని కొన్నవాళ్ళు అభిమానంతో కొన్నారు. మా వీధిలోనే నాకు తెలిసినవాళ్ళు హైదరాబాద్ బంధువులకి చెప్పి మరీ తెప్పించుకున్నారు. బజుల్లా రోడ్డులో ఆయన ఇంటి ముందు పొద్దున్నే జనం బారులు తీరిన రోజులు చూసిన ఊరు కదా ఇది. ఆ నాణెం దాచుకోవాల్సిందే. కాకపోతే అది స్మారక నాణెం, బులియన్ కాదు. దాన్ని కొనే లెక్క వేరు.

ఇప్పుడు మీరు చూసిన నాణెం దగ్గరికి వద్దాం. వర్ణనను బట్టి అది 'అమెరికా ది బ్యూటిఫుల్' సిరీస్‌లోది. నా ఉద్దేశంలో మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి పెద్ద నాణేల సిరీస్ లేదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

2008లో అమెరికా ఒక చట్టం చేసింది. ప్రతి రాష్ట్రం నుంచీ ఒక జాతీయ పార్కునో చారిత్రక ప్రదేశాన్నో ఎంచుకుని, 25 సెంట్ల నాణెం మీద ముద్రించాలని. అదే బొమ్మతో అయిదు ఔన్సుల వెండి నాణెం కూడా తేవాలని ఆ చట్టంలోనే ఉంది. 2010లో అర్కాన్సాస్‌లోని హాట్ స్ప్రింగ్స్‌తో మొదలై 2021లో అలబామాలోని టస్కీగీ ఎయిర్‌మెన్ నాణెంతో ముగిసింది. మొత్తం 56 డిజైన్లు: 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, 5 టెరిటరీలు. అన్నీ ఫిలడెల్ఫియా టంకశాలలోనే ముద్రించారు. వెడల్పు 76.2 మిల్లీమీటర్లు, అంచు దగ్గర మందం 4 మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ, బరువు 155.5 గ్రాములు, స్వచ్ఛత 999, అంటే వెయ్యి పాళ్ళలో 999 వెండి. మామూలు క్వార్టర్ వెడల్పు 24.3 మిల్లీమీటర్లే. అంటే అదే బొమ్మ మూడింతలకి పైగా పెరిగి మీ చేతిలో ఉంటుంది. ఎల్లోస్టోన్ నాణెం మీద వేడినీటి ఊట, దాని ముందు అడవిదున్న ఉంటాయి. చిన్న క్వార్టర్ మీద దున్న వొంటి మీద బొచ్చు కనిపించదు, ఇందులో ఒక్కో పోచా కనిపిస్తుంది. పెద్ద నాణేల మీద ఇష్టం పుట్టేది ఇక్కడే. చెక్కినవాడి పనితనం భూతద్దం లేకుండా చూడొచ్చు.

ఈ సిరీస్‌లో రెండు రకాలున్నాయి, కలగాపులగం చేసి అమ్ముతుంటారు కాబట్టి గుర్తుపెట్టుకోండి. మొదటిది బులియన్. మెరుస్తూ ఉంటుంది, టంకశాల గుర్తు ఉండదు. అమెరికా టంకశాల దీన్ని నేరుగా జనానికి అమ్మలేదు, కొందరు పెద్ద డీలర్లకి మాత్రమే ఇచ్చింది. పది నాణేలు ఒక గొట్టంలో పెట్టి పంపేవాళ్ళు. విడిగా కవరేదీ లేకుండా ఒకదానికొకటి రాసుకుంటూ ప్రయాణం చేసిన నాణేలివి. అందుకే బులియన్ రకంలో చిన్న చిన్న గీతలు మామూలే. వాటిని చూసి కంగారు పడొద్దు, పూర్తిగా మచ్చలేనిది కావాలని పట్టుబట్టి ఎక్కువ ధరా పెట్టొద్దు. రెండో రకం సేకరించేవాళ్ళ కోసం చేసింది. మెరుపు లేకుండా మంచు పట్టినట్టు మసకగా ఉంటుంది, వాషింగ్టన్ బొమ్మ వైపు 'పి' అన్న చిన్న అక్షరం ఉంటుంది. పెట్టెతో, సర్టిఫికెట్‌తో నేరుగా అమ్మారు. దీని ధర ఎక్కువ. బులియన్ నాణేన్ని పెట్టెలో పెట్టి 'కలెక్టర్ ఎడిషన్' అని చెప్పేవాళ్ళున్నారు. ఆ 'పి' ఉందో లేదో చూస్తే చాలు.

సంఖ్యలు కూడా ధరని మారుస్తాయి. మొదటి ఏడాది, 2010లో, ఒక్కో డిజైన్‌కి 33,000 బులియన్ నాణేలే వచ్చాయి. గిరాకీ ఎక్కువై డీలర్లు విపరీతంగా రేట్లు పెంచితే, టంకశాలే అమ్మకం ఆపి డీలర్లకి షరతులు పెట్టాల్సి వచ్చింది. 2012 హవాయి వోల్కనోస్ 20,000 మాత్రమే. సిరీస్‌లో ఖరీదైన వాటిలో అదొకటి. మొత్తం 56 పూర్తి చేయాలన్న పంతం మొదట్లోనే పెట్టుకుంటే ఆ ఖరీదైనవి మిమ్మల్ని వేధిస్తాయి. మీకు నచ్చిన పార్కులు ఎనిమిదో పదో ఎంచుకోండి. అది కూడా సేకరణే.

మిగతా వాటి గురించి క్లుప్తంగా. ఆస్ట్రేలియాలోని పెర్త్ మింట్ 1899లో లండన్ రాయల్ మింట్ శాఖగా మొదలైంది, ఇప్పుడు వెస్టర్న్ ఆస్ట్రేలియా ప్రభుత్వానిది. వాళ్ళ కూకబుర్రా 1990 నుంచి వస్తోంది, బొమ్మ ఏటా మారుతుంది. ఒక ఔన్సు, పది ఔన్సులు, కిలో సైజులున్నాయి. 2018 నుంచి స్వచ్ఛత 9999, అంటే పదివేల పాళ్ళలో 9999 వెండి. పెద్ద నాణేలు ఒక్కొక్కటీ ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో వస్తాయి కాబట్టి ముట్టుకున్న మరకలు తక్కువ. వాళ్ళదే లూనార్ సిరీస్ కూడా ఉంది, చైనా పంచాంగంలో ఏడాదికో జంతువు చొప్పున పన్నెండేళ్ళకి ఒక చక్రం. ఇప్పుడు నడుస్తున్న మూడో చక్రం 2020లో ఎలుకతో మొదలైంది. మెక్సికో లిబర్తాద్ 1982 నుంచి ఉంది, రెండు, అయిదు ఔన్సుల సైజులు 1996లో చేరాయి. ముద్రించిన కాసా దే మొనేదా 1535లో స్థాపించిన టంకశాల. రెక్కల విజయదేవత, వెనక రెండు అగ్నిపర్వతాలు. చెక్కడంలో నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైన నాణెం అదే, కానీ చెన్నైలో దొరకడం బాగా కష్టం. బ్రిటన్ రాయల్ మింట్ 'క్వీన్స్ బీస్ట్స్' 2016 నుంచి 2021 దాకా వచ్చిన రెండు ఔన్సుల సిరీస్. పది జంతువులు, చివర్లో అన్నీ కలిపిన నాణెం ఒకటి. వెడల్పు వాళ్ళదే అయిన ఒక ఔన్సు బ్రిటానియా నాణేనిదే, 38.61 మిల్లీమీటర్లు. మందం రెట్టింపు. చేతిలో పెట్టుకుంటే ఆ బరువు ఆశ్చర్యపరుస్తుంది. అయిదు ఔన్సులకి బడ్జెట్ సరిపోకపోతే వీటితో మొదలుపెట్టొచ్చు.

ఇక కిలో ఎందుకు వద్దన్నాను?

విదేశాల్లో సైజు పెరిగేకొద్దీ గ్రాముకి పడే అదనపు ధర, అంటే ప్రీమియం, తగ్గుతుంది. ముద్రణ ఖర్చు ఎక్కువ లోహం మీద పంచుకుంటుంది కాబట్టి. ఆ మాట పట్టుకుని ఇక్కడ కూడా కిలోదే చవక అనుకుంటారు. ఇక్కడ పరిస్థితి వేరు. ఇలాంటి నాణేలు మన దేశంలోకి వచ్చేవే కొన్ని. వచ్చిన కిలో నాణేన్ని అమ్మేవాడు 'అరుదైనది' అంటూ రేటు చెప్తాడు. మీరు తిరిగి అమ్మబోయేసరికి కొనే సేకర్తలు నగరం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళెవరూ ఆ నెలలో కొనే స్థితిలో లేకపోతే మీరు రావాల్సింది మా షావుకారుపేటకే. అక్కడ కౌంటర్ మీద పెట్టగానే మొదటి ప్రశ్న 'ఎంత టచ్?' అని. అంటే స్వచ్ఛత ఎంత అని. మెషిన్‌లో పెడతారు, 99.9 వస్తుంది, ఆ రోజు గ్రాము రేటుకి ఎంతో కొంత తగ్గించి లెక్క కడతారు. కూకబుర్రా పిట్ట నవ్వుతోందా ఏడుస్తోందా ఎవరూ చూడరు. నాణెం అక్కడ వెండి దిమ్మ. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళు కరిగించి వేరే సరుకు చేసుకునేవాళ్ళు. కంచాలకీ చెంబులకీ మజూరీ, తరుగు పెట్టి కొన్నవాళ్ళు తిరిగి అమ్మేటప్పుడు అవన్నీ పోగొట్టుకోవడం రోజూ చూస్తాం, నాణెం ప్రీమియం గతీ అంతే.

లెక్క వేసి చూడండి. లోహం విలువ మీద 25 శాతం ఎక్కువ పెట్టి కొన్నారనుకుందాం. అమ్మేటప్పుడు కొట్టువాడు 3 శాతం తగ్గించి తీసుకున్నాడనుకుందాం. మీరు పెట్టింది మీకు రావాలంటే వెండి ధర దాదాపు 29 శాతం పెరగాలి. అప్పుడు కూడా లాభం సున్నా. అయిదు ఔన్సుల నాణెంలో ఇదే జరిగితే దెబ్బ 155 గ్రాముల మీద. కిలోలో అయితే దానికి ఆరింతలకి పైగా. పైగా అయిదు ఔన్సులది కొనగలిగే సేకర్తలు ఎక్కువ, కాబట్టి ప్రీమియంలో కొంతైనా వెనక్కి వచ్చే అవకాశం ఉంది.

వెండి మీద పెట్టుబడే పెట్టాలనుకుంటే 2022 నుంచి మన దగ్గర సిల్వర్ ఈటీఎఫ్‌లు (షేర్ల లాగా కొని అమ్ముకునే వెండి ఫండ్లు) ఉన్నాయి. దాచే టెన్షన్ లేదు, టచ్ గొడవ లేదు. లోహమే చేతిలో ఉండాలంటే మామూలు కడ్డీ తీసుకోండి. నాణేనికి పెట్టే ప్రీమియం మాత్రం కళకి, చరిత్రకి, సంతోషానికి పెడుతున్నట్టు మనసులో రాసుకోండి. అలా అనుకుంటే ఎంత పెట్టొచ్చో కూడా మీకే తెలుస్తుంది.

ఎక్కడ కొనాలి? నా సలహా, ఇప్పటికే మన దేశంలో ఉన్న నాణేన్ని, తెలిసిన సేకర్త దగ్గర, కాగితంతో కొనండి. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ముందు ఒకసారి తీరిగ్గా చూసి రండి. మంచి ముద్రణ అంటే ఏమిటో కంటికి అలవాటవుతుంది. మద్రాస్ కాయిన్ సొసైటీ లాంటి చోట సభ్యులతో పరిచయం పెంచుకోండి. మొదటి నాలుగైదు సార్లు ఏమీ కొనకపోయినా ఫరవాలేదు, ఎవరి మాట నమ్మదగిందో తెలుస్తుంది. మింట్ స్ట్రీట్‌లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ టంకశాల పోయి వందేళ్ళు దాటింది. ఇప్పుడు ఆ వీధిలో వెండి దొరుకుతుంది గానీ ఈ నాణేల కోసం తిరిగితే కాళ్ళ నొప్పులే.

విదేశీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టి కొరియర్‌లో తెప్పించుకోవచ్చా అని అందరూ అడుగుతారు. వద్దంటాను. విలువైన లోహాల దిగుమతి నిబంధనలు, సుంకాలు తరచూ మారుతుంటాయి. చాలా కొరియర్ కంపెనీలు వెండి నాణేలు తీసుకోవు. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగితే విడిపించుకునేసరికి నాణెం మీద మోజే పోతుంది. అమెరికా నుంచి వచ్చే తమ్ముడో బావగారో తెస్తానంటే తెమ్మనండి. కానీ మీనంబాక్కం విమానాశ్రయంలో రెడ్ ఛానల్‌కి వెళ్ళి చూపించి, సుంకం ఎంతైతే అంత కట్టి, రసీదు తీసుకోమనండి. జేబులో పెట్టుకుని గ్రీన్ ఛానల్లో నడిచి రావడం తప్పు, పట్టుబడితే నాణెంతో పోదు. ఆ రసీదు తర్వాత మీకు చాలా పనికొస్తుంది.

ఇప్పుడు నకిలీల సంగతి. పెద్ద నాణెంలో నకిలీ చేసేవాడికి లాభం ఎక్కువ కాబట్టి ఈ భాగం శ్రద్ధగా చదవండి. ఆన్‌లైన్‌లో వెండి ధరకంటే తక్కువకి అయిదు ఔన్సుల నాణెం అమ్ముతున్నారంటే ఇంక పరీక్ష కూడా అక్కర్లేదు, ముట్టుకోవద్దు.

అయస్కాంతం పరీక్ష అందరికీ తెలుసు. దాని హద్దు తెలుసుకోండి. అతుక్కుంటే నకిలీ అని రుజువు, అతుక్కోకపోతే ఏమీ రుజువు కాదు. రాగీ అతుక్కోదు, ఇత్తడీ అతుక్కోదు. రెండోది, షాపులో టచ్ చూసే ఎక్స్‌రే మెషిన్. అది పైపొర మాత్రమే చదువుతుంది. లోపల రాగి పెట్టి పైన దళసరిగా వెండి పూత పూస్తే 99.9 అనే చూపిస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న నాణేనికి ఆ ఒక్క రీడింగ్ చాలదు.

ఇంట్లో చేసుకోగలిగిన గట్టి పరీక్ష నీటిది. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసు తెచ్చుకోండి. ముందు నాణెం బరువు చూడండి, 155.5 గ్రాములకి దగ్గరగా ఉండాలి. తర్వాత వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, గిన్నె అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. బుడగలుంటే పోగొట్టండి. త్రాసు చూపించే అంకె దాదాపు 14.8 ఉండాలి. 155.5ని 14.8తో భాగిస్తే 10.5 వస్తుంది, వెండి సాంద్రత 10.49. లోపల రాగి అయితే అదే బరువుకి త్రాసు 17.4 దగ్గర చూపిస్తుంది. సీసం అయితే 13.7 దగ్గర. తేడా అంత స్పష్టంగా ఉంటుంది. అయిపోగానే మెత్తటి నూలుగుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దకండి.

ఆ మధ్య ఒక కుర్రాడు ఇలాంటి నాణెం తెచ్చి చూపించాడు. బరువు సరిగ్గా ఉంది, అయస్కాంతానికి లొంగలేదు, మెషిన్‌లో టచ్ కూడా బాగానే వచ్చిందన్నాడు. అంచు చూశాను. అసలు నాణెం అంచు నున్నగా ఉండి, 999 స్వచ్ఛత, అయిదు ఔన్సులు అన్న ఇంగ్లిష్ రాత లోపలికి దిగి ఉంటుంది. అతని నాణెం అంచు మీద రూపాయి బిళ్ళకి ఉన్నట్టు నిలువు గీతలున్నాయి. నీళ్ళలో పెడితే 17 దాటింది. అమ్మినవాడి ఫోన్ అప్పటికే పలకడం లేదు. ముందు అంచు చూడండి, తర్వాత నీళ్ళు. మిగతావన్నీ ఆ తర్వాతే.

దాచడం గురించి చెన్నైవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. వెండి నల్లబడేది గాలిలోని గంధకపు వాయువుల వల్ల. తేమ ఆ పనిని వేగం చేస్తుంది. కూవం, బకింగ్‌హాం కాలువ పక్కన ఉండే ఇళ్ళల్లో వెండి కుంది నెల తిరక్కుండా ఎలా మారుతుందో మన ఆడవాళ్ళనడిగితే చెప్తారు. బెసంట్ నగర్ వైపు ఉప్పుగాలి ఇంకో బాధ.

నాణేనికి సరిపోయే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ ఒకటి తీసుకోండి. అయిదు ఔన్సుల దానికి 76 మిల్లీమీటర్లది కావాలి. ఇక్కడ సులువుగా దొరకదు, నాణెంతో పాటే అడిగి తీసుకోండి. మెత్తగా వంగే పీవీసీ కవర్లు వద్దే వద్దు, కొన్నాళ్ళకి వాటిలోంచి ఆకుపచ్చటి జిగురు దిగి నాణేన్ని తినేస్తుంది. రబ్బరు బ్యాండు, న్యూస్ పేపర్, ఉన్ని గుడ్డ, అట్టపెట్టె, కలరా ఉండలు వేసిన బట్టల బీరువా, వీటన్నిటికీ దూరంగా ఉంచండి. క్యాప్సూల్‌ని గాలి చొరని డబ్బాలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేయండి, వర్షాకాలంలో వాటిని మారుస్తూ ఉండండి. నాణేన్ని పట్టుకోవాల్సి వస్తే అంచుల మీద పట్టుకోండి, వేలిముద్ర మొహం మీద పడితే అది శాశ్వతం.

ఇంట్లో అందరికీ ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. నాణేన్ని తోమకూడదు. విభూతి, చింతపండు, టూత్‌పేస్ట్, షాపులో దొరికే పాలిష్, ఏదీ వద్దు. నాకు తెలిసిన ఒకరింట్లో వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముందు పెట్టాలని పెద్దావిడ ఎంతో భక్తిగా ఎల్లోస్టోన్ నాణేన్ని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టారు. వెండి ధగధగలాడింది, ముద్రలో వచ్చిన సహజమైన మెరుపు మాత్రం పోయింది. మసిలా పట్టిన రంగుని సేకర్త ఒప్పుకుంటాడు, తోమిన గీతల్ని ఒప్పుకోడు. పూజకి పెట్టాలనిపిస్తే క్యాప్సూల్‌తోనే పెట్టండి, బొట్టు క్యాప్సూల్ మీద పెట్టండి. అమ్మవారికి అభ్యంతరం ఉండదు.

కొన్ని నాణేల మీద పాలచుక్కల్లాంటి తెల్ల మచ్చలు వస్తాయి. పాత మేపుల్ లీఫ్‌లకి ఇది బాగా ఎక్కువ. కెనడా టంకశాల 2018 నుంచి దానికి విరుగుడుగా కొత్త పద్ధతి తెచ్చింది. మచ్చ వచ్చినదాన్ని బాగుచేయాలని ప్రయత్నించకండి, కొనేటప్పుడే చూసుకుని ధర తగ్గించమని అడగండి.

మీరు వేళచ్చేరి అన్నారు కాబట్టి ఇంకో మాట. 2015 డిసెంబర్ వరదలు, 2023లో మిచాంగ్ తుఫాను మీకు గుర్తుండే ఉంటాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో, బీరువా అడుగు అరలో ఇవి ఉంచకండి. బ్యాంకు లాకర్ మంచిదే, కానీ ఆ బ్రాంచి లాకర్ గది ఏ అంతస్తులో ఉందో కనుక్కోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి బ్యాంకు నిర్లక్ష్యం వల్ల జరిగితే దాని బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. ప్రకృతి వైపరీత్యానికి ఆ బాధ్యత కూడా లేదు. సేకరణ పెరిగాక ఇంటి బీమాలో దీన్ని చేర్చగలరేమో కంపెనీని అడగండి.

చివరిగా కాగితాలు. ఒక చిన్న నోటు పుస్తకంలో ప్రతి నాణేనికీ ఒక పేజీ: ఏ దేశం, ఏ సంవత్సరం, ఏ రకం, బరువు, నీటి రీడింగ్, ఎవరి దగ్గర, ఎంతకి, ఏ తేదీన. బిల్లు ఆ పేజీకే పిన్ను చేయండి. పన్ను లెక్కకి కూడా ఇదే ఆధారం. 2024 జూలై 23 తర్వాతి నిబంధన ప్రకారం వెండిని 24 నెలలకి మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూపే వెసులుబాటు) లేదు. అంతకంటే ముందు అమ్మితే మీ శ్లాబు రేటు.

పన్ను కంటే ముఖ్యం ఇంట్లోవాళ్ళు. మా కొట్టుకి ఒకావిడ వచ్చారు. భర్త పోయాక బీరువాలో దొరికిన నాణేలని చీర కొంగులో మూటగట్టి తెచ్చి 'ఇవి వెండేనా బాబూ' అని అడిగారు. అందులో రెండు లిబర్తాద్‌లు, ఒక మసక రకం హవాయి నాణెం ఉన్నాయి. అవేమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. వేరే కౌంటర్‌కి వెళ్ళి ఉంటే గ్రాముల లెక్కన కరిగిపోయేవి. వాటిని కొనే సేకర్త దొరికేదాకా ఆగమని చెప్పి, ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. మీ ఆవిడకి గానీ, పిల్లలకి గానీ ఆ నోటు పుస్తకం ఎక్కడుందో, అమ్మాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మొదటి నాణెం కొన్న రోజునే చెప్పండి.

మీకు ఎవరైనా నాణెం అమ్ముతానని ఒక రోజు చూసుకోవడానికి ఇస్తే, రెండు వైపులా, అంచూ ఫోటోలు తీసి, బరువూ నీటి రీడింగూ రాసి పెట్టండి. రేటు ఎంత చెప్పాడో కూడా రాయండి. చూసి నా అభిప్రాయం చెప్తాను.